హిస్టోగ్రామ్ బాగానే ఉంది, బంతిపూలే ముద్దయిపోయాయి

సద్దుల బతుకమ్మ నాడు అమ్మ పేర్చిన బతుకమ్మను వాకిట్లో పెట్టి, సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ఒక పాతిక ఫొటోలు తీశాను. తీసిన ప్రతిసారీ కెమెరాలో హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత అని చూపే గ్రాఫ్ చూసుకున్నాను. కుడి అంచుకు తగిలితే వెలుగు హద్దు దాటి వివరాలు పోయినట్టు. అలా తగిలినట్టు ఎక్కడా కనబడలేదు, ఇంక ఢోకా లేదనుకున్నాను. రాత్రి ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో తెరిస్తే బంతిపూల వరుస మొత్తం నారింజ రంగు పూసినట్టు ఒకటే ముద్ద, ఒక్క రెక్క కూడా విడిగా కనబడదు. అమ్మ పొద్దున్నుంచి కూర్చుని పేర్చింది, ప్రాణం ఉసూరుమంది.

నేను కెమెరాలో చూసింది తెల్ల గ్రాఫ్, అంటే మూడు రంగుల వెలుగూ కలిపి చూపించేది. బంతిపువ్వులో నీలం చాలా తక్కువ, ఎరుపు నిండుగా ఉంటుంది. అన్నీ కలిపి లెక్కేసేసరికి గ్రాఫ్ మధ్యలోనే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, లోపల ఎరుపు ఒక్కటీ ఎప్పుడో గరిష్ఠమైన 255కి చేరి అక్కడే ఆగిపోతుంది.

ఏ రంగు ఎక్కడ హద్దు దాటిందో చూద్దామని ఆల్ట్ కీ నొక్కిపట్టి వైట్స్ స్లైడర్ కదిపితే స్క్రీనంతా నల్లబడి బంతి వరుస మాత్రం ఎర్రగా వెలిగింది. కింద ఇత్తడి తాంబాలం అంచున ఎండ మెరిసినచోట తెల్లగా వెలిగింది, అంటే అక్కడ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానెళ్లూ పోయాయన్నమాట.

అసలు తేడా ఎక్స్‌పోజర్‌ను, అంటే మొత్తం వెలుగును, ఒకటిన్నర స్టాప్ (ఒక్కో స్టాప్‌కి వెలుగు సగమవుతుంది) కిందికి లాగినప్పుడు తెలిసింది. బంతిరెక్కల అంచులు, వాటి మధ్య సన్నటి నీడలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి! తాంబాలం మెరుపు మాత్రం ఉత్త బూడిదరంగు మచ్చ అయింది. అంటే పూలు రా ఫైల్‌లో, కెమెరా సెన్సర్ పట్టిన అసలు డేటాలో, భద్రంగానే ఉన్నాయి. తెలుపు తెల్లగా కనబడేలా సర్దే వైట్ బ్యాలెన్స్ కోసం సాఫ్ట్‌వేర్ ఎరుపును పెంచడం, పైగా రంగుల్ని గాఢం చేసే వివిడ్ ప్రొఫైల్ నేను పెట్టడం, రెండూ కలిసి ఎరుపును అంచు దాటించాయి.

ప్రొఫైల్‌ను న్యూట్రల్‌కి మార్చి, ఎక్స్‌పోజర్ దాదాపు మామూలు స్థాయికి తెచ్చి, నారింజ రంగు గాఢత (సాచురేషన్), వెలుగు (ల్యూమినెన్స్) కొంచెం తగ్గించాను, అంతే. తాంబాలం మెరుపును అలాగే వదిలేశాను, ఇత్తడి మీద ఎండ పడితే కంటికీ అలాగే కనిపిస్తుంది కదా.

కెమెరా చూపించేది రా ఫైల్‌ది కాదు, రంగులు సర్దేసిన జేపెగ్ ప్రివ్యూ హిస్టోగ్రామ్ కాబట్టి ఇప్పుడు కెమెరాలోనూ పిక్చర్ స్టైల్ (రంగుల సెట్టింగ్) న్యూట్రల్‌లో పెట్టి, మూడు రంగుల గ్రాఫులూ విడివిడిగా చూస్తున్నాను. పూలయినా పట్టుచీరలయినా ముందు నా కళ్లు ఎర్ర గ్రాఫు మీదకే పోతున్నాయి.