సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి

మా ఊరు కోనసీమలో మలికిపురం పక్కన. ఇంటి నుంచి నేను పాఠాలు చెప్పే స్కూలుకి 18 కిలోమీటర్లు. 2023 ఫిబ్రవరిలో మొదటిసారి సెకండ్ హ్యాండ్ బండి కొన్నాం. వ్యాగన్ఆర్, 2014 మోడల్, పెట్రోలు, సింగిల్ ఓనర్, మీటరు మీద 52,000. కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, వంగి చూస్తే అడుగున నల్లగా మెరిసే కోటింగ్. "నికార్సైన బండండి మేడంగారూ, ఇలాంటిది మళ్లీ దొరకదండి" అన్నాడు బ్రోకరు. ఎంత శుభ్రంగా ఉంచుకున్నారో అనుకున్నాను. 2,75,000 ఇచ్చి తెచ్చుకున్నాం.

జూన్‌లో తొలి వానలు పడ్డాక లోపల వాసన మొదలైంది. వరద తీసిన తర్వాత ఇంట్లో గోడల నుంచి నెలల తరబడి వచ్చే ఒండ్రు వాసన అది. నేను గోదావరి మధ్య లంక గ్రామంలో పుట్టినదాన్ని, ఆ వాసన నాకు బాగా తెలుసు. ఆ తర్వాత పవర్ విండోలు ఆగిపోయాయి, మీటరు లైట్లు వాటంతట అవే వెలిగి ఆరిపోయేవి. మా తమ్ముడికి రాజోలులో షెడ్డు ఉంది. కొనేటప్పుడు వాడు హైదరాబాద్‌లో ఉన్నాడని ఆగకుండా కొనేశాం. ఇప్పుడు వాడు సీట్లు విప్పి కార్పెట్ ఎత్తితే కింద స్పాంజి నిండా ఎండిన బురద. సీటు పట్టాల బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయాయి. డ్రైవర్ సీటు బెల్టు చివరిదాకా లాగి, "అక్కా, ఇది చూడు" అన్నాడు. రోజూ బయటికి రాని భాగంలో అడ్డంగా గోధుమ రంగు గీత. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గీతే చెబుతోంది.

2022 జూలై గోదావరి వరద ఇక్కడెవరికీ గుర్తు చేయక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి ఇస్తారు. ఆ జూలైలో నీరు అది కూడా దాటేసి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వచ్చింది. మా బండి ఆ నీళ్లలో నిలబడిందే. వైరింగుకి, బ్లోయర్‌కి, కార్పెట్‌కి కలిపి 61,000 అయ్యాయి. అయినా ఆ బండి మీద నమ్మకం కుదరలేదు.

అందుకే నా అభిప్రాయం గట్టిగా చెబుతున్నాను. మన గోదావరి జిల్లాల్లో పాత బండి కొనేవాళ్లు కిలోమీటర్ల గురించి ఆరా తీసే ముందు నీళ్ల గురించి ఆరా తీయాలి. మీటరు వెనక్కి తిప్పారేమో అని అందరూ టెన్షన్ పడతారు. 90,000 తిరిగిన మంచి ఇంజను ఇంకా చాలా ఏళ్లు నడుస్తుంది. వరదలో మునిగిన వైరింగు మాత్రం ఎప్పుడు ఎక్కడ ఆపేస్తుందో తెలియదు. స్టెప్నీ తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టి తడమండి. పాత ఇన్సూరెన్స్ పాలసీలు అన్నీ అడగండి. ఏళ్ల తరబడి ఒకే ఓనర్ దగ్గర ఉన్న బండికి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఒక్కసారిగా సున్నాకి పడిపోయిందంటే, అంతకు ముందు ఏడాది ఏం జరిగిందో వాళ్ల నోటితోనే చెప్పించండి.

వరద ఒక్కటే కాదు, ఉప్పు కూడా ఉంది. సముద్రం పక్కన అంతర్వేది వైపు, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండి పైకి పెళ్లికూతురిలా ఉంటుంది. డోర్ల కింది అంచు గోరుతో గీకితే పెచ్చులు రాలతాయి. డోర్లకీ చక్రాల పైనా అతికించే క్రోమ్ పట్టీలంటే నాకు అందుకే పడదు. వాటి వెనక ఉప్పు నీళ్లు నిలుస్తాయి, తుప్పు అక్కడే మొదలవుతుంది. అమ్మేవాళ్లు వాటికి కూడా డబ్బు కలిపి చెబుతారు. అద్దాలకి నల్ల ఫిల్మ్ వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. బండి ముందు భాగానికి బిగించే ఇనప గార్డులు 2017 చివర్లో కేంద్రం వద్దంది. వీటికి నేను రూపాయి కూడా ఎక్కువ ఇవ్వను.

నా కంటికి అందమైన బండి కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్న తెల్ల బండి. తెలుపు మీద తుప్పు దాగదు. రూపం సంగతికొస్తే, 2008లో వచ్చిన మొదటి మారుతి డిజైర్ కారు చూడండి, తోక నిండుగా ఉంటుంది. 4 మీటర్లలోపు బండికి పన్ను తక్కువ కాబట్టి 2012లో దాని డిక్కీ కురచ చేశారు. పక్క నుంచి చూస్తే ఎవరో వెనక నుంచి నెట్టినట్టుంటుంది. దానికన్నా అసలు తోకే లేని వ్యాగన్ఆర్ నిజాయితీగా ఉంటుంది. మా అత్తగారు మోకాళ్ల నొప్పులతో చీర కుచ్చిళ్లు పట్టుకుని, వంగకుండా ఎక్కుతారు. ఆ ఎత్తు కప్పు విలువ ఆవిడనే అడగాలి.

ఇక ధర. "నేను ఏడు లక్షలకు కొన్నానండి" అనే మాటకి బేరంలో విలువ లేదు. ఈరోజు అదే కొత్త బండి ఎంతకొస్తుందో అదే కొలత. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, పైనున్న ఒక శాతం సెస్సూ పోయింది. ఆరు లక్షల బండికి దాదాపు 50,000 తగ్గినట్టు. పాత బండి అమ్మేవాళ్లు ఆ తగ్గింపు సంగతి ఎత్తరు, మనమే ఎత్తాలి. పుదుచ్చేరి కింద ఉండే యానాం నంబరు, అంటే పీవై 04 బండి చవగ్గా కనిపిస్తుంది. 12 నెలలకు మించి మన దగ్గర తిప్పాలంటే ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ ఉంటాయి. అవి కలిపి చూసుకోండి.

మొన్న డిసెంబరులో తణుకు నుంచి రెండో బండి తెచ్చాం. మళ్లీ వ్యాగన్ఆరే, 2018, పాత రూపం. 3,60,000 చెప్పారు. టైరు మీద అంకెలు 2217, అంటే 2017లో 22వ వారంలో తయారైంది. నాలుగు టైర్లూ అవే. వాటిని మార్చే ఖర్చు, బ్యాటరీ ఖర్చు కాగితం మీద వేసి చూపించి 3,18,000కి ముగించాం. ఆ ఓనర్ గారు సీటు కవర్లు తీసి చూసుకోమని తనే అన్నారు. ఆ మాటతోనే నాకు సగం ధైర్యం వచ్చింది.

మొదటి బండిని వరద బండి అని చెప్పే అమ్మాం. షెడ్డులో పెట్టుకుని విడిభాగాలు వాడుకునే మెకానిక్ 1,10,000కి తీసుకున్నాడు. చెప్పకుండా అమ్మితే ఇంకో లక్ష వచ్చేదని మావారికి చాలామంది చెప్పారు. మేమిద్దరం దాని గురించి రెండోసారి మాట్లాడుకోలేదు.

ఈ ఆదివారం మా స్కూల్లో లెక్కల మేడం కోసం పాలకొల్లులో ఒక సెలెరియో చూడ్డానికి వెళ్తున్నాం. తమ్ముడూ వస్తున్నాడు. టార్చిలైటుకి కొత్త బ్యాటరీలు వేసి, కింద పరుచుకుని పడుకోడానికి పాత దుప్పటి ఒకటి సంచిలో పెట్టాను.