గడ్డ తవ్వకుండా నేలతాడిని ఎలా పోల్చుకున్నాను

తొలకరి తర్వాత తలకోన అడవిలో వెదురు నీడన పూసే ఈ పసుపు పూలను ఏళ్లుగా చూస్తూనే ఉన్నాను. నాలుగు వేళ్ల ఎత్తు కూడా లేవవు. ఆరు రేకులతో నేలకు అతుక్కుని ఉంటాయి. ఈసారి పేరు తేల్చుకునే కదలాలనుకున్నాను.

ఫోనులోని మొక్కల యాప్ పువ్వు ఫొటోకు హైపాక్సిస్ అనే మరో పసుపు పూల మొక్క పేరు చెప్పింది, ఆకుల ఫొటోకు ఈత మొలక అంది. దాన్ని తప్పు పట్టలేం. పైనుంచి చూస్తే హైపాక్సిస్‌కూ ఆరు పసుపు రేకులే, ఆరు కేసరాలే. ఇక ఈ ఆకులు నిజంగానే ఈత మొలకను తలపిస్తాయి. సన్నగా, కోసుగా, పొడవునా మడతలు పడి ఉంటాయి. వేలితో అడ్డంగా నిమిరితే ఆ గీతలు తగులుతాయి. హైపాక్సిస్ ఆకు గడ్డిలా ఉంటుంది, దానికి ఈ మడతలు ఉండవు.

అటుగా వచ్చిన పశువుల కాపరి ఒకాయన వంగి చూసి, "నేలతాడి కదండీ! దీని గడ్డను మందుకు వాడతారు," అన్నారు. అడవిలో తిరిగేవాళ్ల మాటను నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఒక ఊళ్లో చెప్పే పేరు పక్క ఊళ్లో వేరే మొక్కకు ఉండవచ్చు. అందుకే మొక్కనే అడిగి చూద్దామనుకున్నాను.

నేలతాడి శాస్త్రీయ నామం కర్క్యులిగో ఆర్కియాయిడిస్. పాత వృక్షశాస్త్ర గ్రంథాల్లో వెతికేవారు అమరిల్లిడేసీ కుటుంబం కింద చూడాలి. ఇప్పుడు దీన్ని హైపాక్సిడేసీలో చేర్చారు, అంటే యాప్ చెప్పిన హైపాక్సిస్ దీనికి దగ్గరి చుట్టమే. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద తెచ్చిన గ్రంథం మొదటి సంపుటంలో, 1795లోనే, దీని బొమ్మ ఉంది.

అసలు తేడా పువ్వు కింద ఉంది. హైపాక్సిస్‌లో సన్నని కాడ నేలపైకి లేస్తుంది, రేకుల కిందే నూగుతో అండాశయం కనిపిస్తుంది. ఇక్కడ రేకుల కింద ఉబ్బెత్తుగా ఏమీ లేదు, నూగున్న సన్నని కాడ ఒకటి ఆకుల మొదట్లోకి దిగిపోయింది. ఎండుటాకులు తప్పించి, పుల్లతో మట్టిని కొద్దిగా పక్కకు నెట్టి చూశాను. కాడ అనుకున్నది కాడే కాదు, అండాశయం పైకి సాగిన ముక్కు. అండాశయం మట్టిలో ఆకు తొడుగుల మధ్య దాగి ఉంది. భూతద్దంలో ఆ నూగు స్పష్టంగా కనిపించింది. ఫొటో తీసుకుని మట్టి మళ్లీ కప్పేశాను. పూల ఫొటోలు తీసేవాళ్లలో చాలామంది ఇక్కడిదాకా వంగరు. అందుకే పైనుంచి తీసిన ఫొటోలు ఎంత అందంగా ఉన్నా పేరు తేల్చడానికి కొరగావు.

వానాకాలం సాగాక మళ్లీ వెళ్లినప్పుడు మరో రెండు సాక్ష్యాలు దొరికాయి. కాయలో నల్లగా మెరిసే గింజలు ఉన్నాయి. గింజ మీద అలల్లాంటి గాడులు, ఒక కొసన చిన్న ముక్కు ఉన్నాయి. పక్కనే వంగి నేలను తాకిన ఒక ఆకు చివర బుల్లి మొక్క లేచి వేళ్లూనింది. నేలతాడి ఇలా ఆకు కొసలతోనూ పిల్లలు పెడుతుంది. దాంతో నా అనుమానం పూర్తిగా తీరింది.

మూలికల అంగళ్లలో నల్ల ముస్లీ అని అమ్మేది దీని గడ్డే. పైన నల్లగా, లోపల తెల్లగా ఉంటుంది. సఫేద్ ముస్లీ మరో మొక్క. అది తెల్లపూల క్లోరోఫైటమ్. ఈ గడ్డ నిలువుగా లోపలికి దిగుతుంది కాబట్టి తవ్వితే ఏటేటా చిగురించే మొక్క అక్కడితో ఆఖరు. పైగా తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో భాగం. అక్కడ మొక్కలను పెకలించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పుల్లతో పని జరిగింది కనుక అటవీ సిబ్బందికి సంజాయిషీ ఇచ్చుకునే అవసరం నాకు రాలేదు.