క్యాలెండర్ కాగితం వెనక జోస్యం

పాత క్యాలెండర్‌ను ఈ ఉదయం గోడ మీది నుంచి తీస్తుంటే, 2023 ఆగస్టు కాగితం వెనక, రాబోయే ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ సీజన్ గురించి నేను పెన్సిలుతో రాసుకున్న అంచనా కనిపించింది: "హైదరాబాద్ ఎఫ్‌సీ మొదటి నాలుగు స్థానాల్లో ఉంటుంది." అనంతపురంలో మా వీధి చివరి టీ బంకు దగ్గర ఈ మాట మీదే గట్టిగా వాదించాను కూడా. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఐఎస్ఎల్ ఫైనల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపి కప్పు తెచ్చిపెట్టిన రాత్రి ఇంకా నా కళ్లముందే ఉంది. మరుసటి సీజన్లోనూ జట్టు పట్టికలో రెండో స్థానంలో నిలిచింది కనుక, నా ధీమాకు ఆధారం లేకపోలేదు.

అయితే కోచ్ మనోలో మార్కెజ్ గోవా జట్టుకు వెళ్లిపోయారనీ, 2021-22లో 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచే ఇక జట్టులో లేడనీ తెలిసి కూడా, ఆ సంగతులను నేను లెక్కలోకి తీసుకోలేదు. నేలలో పదును చూడకుండా, నిరుడు పండింది కదా అని శనక్కాయ విత్తనం వేసినట్టుంది నా పని. ఆ 2023-24 సీజన్లో జట్టు 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి, 8 పాయింట్లతో 12 జట్లలో చివరన మిగిలింది. ఆ ఒక్క గెలుపు మరునాడు టీ బంకు మిత్రుడు, "ఇంకా నాలుగో స్థానమేనా సార్?" అని అడిగితే, మారుమాట్లాడకుండా అందరి టీ డబ్బులూ నేనే ఇచ్చాను.