నాన్న నొప్పికి పిట్యూటరీ వైద్యం: నా అనుభవం

నాన్నకి ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. నడుము, తుంటి, పక్కటెముకలు, ఫలానా చోటని లేదు. మార్ఫిన్ పెంచితే రోజంతా మగత, తగ్గిస్తే పక్క మీద అటు తిరగడమే గండం. రేడియేషన్ ఇవ్వగలిగిన చోటల్లా ఇచ్చేశారు. నొప్పి ఒక నరం దారిలోనే ఉంటే సూదితో మందు పెట్టి ఆ నరాన్ని బ్లాక్ చేసేవాళ్లట. ఒళ్లంతా ఉంటే ఎన్నిచోట్ల పొడుస్తారు?

అప్పుడే నొప్పి డాక్టరమ్మగారు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి మాట ఎత్తారు. "తుంటి నొప్పికి తలలో ఏం చేస్తారమ్మా?" అన్నారు నాన్న. 1950ల్లో హార్మోన్లతో పెరిగే క్యాన్సర్లను అదుపు చేయడానికి ఆ గ్రంథిని తీసేసేవాళ్లు, కొందరికి నొప్పి కూడా పోయేది. తర్వాత రోమ్‌లో మోరిక్కా అనే డాక్టరు ముక్కులోంచి సూది పంపి గ్రంథిలోకి ఆల్కహాల్ ఎక్కించారు. హార్మోన్లతో సంబంధం లేని క్యాన్సర్లలోనూ నొప్పి తగ్గింది. ఎందుకన్నది ఇప్పటికీ తేలలేదని మా డాక్టరమ్మగారే చెప్పారు. ఆ మాట దాచనందుకే నాకు నమ్మకం కుదిరింది.

మాకు చెప్పింది గామా నైఫ్, అంటే బయటినుంచే సన్నటి రేడియేషన్ కిరణాలను గ్రంథి మీద ఒకే చోట కలిపే పద్ధతి. కోత ఉండదు. జపాన్ డాక్టర్లు వాడిన మోతాదు 160 గ్రే (గ్రే అంటే రేడియేషన్‌ని కొలిచే ప్రమాణం). ఎముక నొప్పికి ఒక్కసారిగా ఇచ్చేది మామూలుగా 8 గ్రే! కంటి నరాలు గ్రంథికి సరిగ్గా పైనే ఉంటాయి కాబట్టి ప్లానింగ్‌కి చాలాసేపు పట్టింది. తలకి నాలుగు మరలతో ఫ్రేమ్ బిగించారు. మత్తు సూదులప్పుడు నాన్న పళ్లు బిగబట్టారు, అంతే. అసలు కష్టం కదలకుండా వెల్లకిలా పడుకోవడం. ముందే అదనంగా మార్ఫిన్ ఇచ్చారు కాబట్టి సరిపోయింది.

కొద్దిరోజుల్లోనే నొప్పి దిగింది. మార్ఫిన్ ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించారు.

ఆ తర్వాత దాహం మొదలైంది. చెంబులకి చెంబులు తాగడం, నీళ్లలాంటి మూత్రం, రాత్రంతా లేవడం. షుగరేమోనని కంగారుపడ్డాం. కాదు, డయాబెటిస్ ఇన్సిపిడస్: ఒంట్లో నీళ్లు నిలిపే పిట్యూటరీ హార్మోను తగ్గిపోవడం, షుగరుతో సంబంధం లేదు. ఆ హార్మోనుకి బదులుగా ఇచ్చే డెస్మోప్రెసిన్ మందుతో అదుపులోకి వచ్చింది. తాగిన నీళ్లూ పోసిన మూత్రమూ కొలిచి రాసే పని నాది. గ్రంథి పని మందగించేకొద్దీ, తగ్గిన హార్మోన్లకు బదులుగా హైడ్రోకార్టిసోన్, థైరాయిడ్ మాత్రలు కూడా చేరాయి. హైడ్రోకార్టిసోన్ ఒక్క పూట కూడా మానకూడదు, జ్వరమొస్తే మోతాదు పెంచాలి.

ఇది తగ్గించింది నొప్పినే, క్యాన్సర్ మాత్రం అలాగే ఉంది. మందులతో నొప్పి ఆగుతున్నవాళ్లు ఇటువైపు చూడక్కర్లేదు, చేసే ఆసుపత్రులూ తక్కువే. చేయించుకునేవాళ్లు మాత్రం హార్మోన్ల డాక్టరుని ముందే కలిసి, రాత్రిపూట దాహం పట్టుకుంటే ఎవరికి ఫోన్ చేయాలో అడిగి రాసిపెట్టుకోండి.