ముసుగు రెబెక్కా, లైటరు మంటలో ముత్యం

పెళ్లికి ముత్యాల దండ కొనాలి, రాత్రికి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. నా పని అంతవరకే. కానీ మా అక్క కూతురు మాసాబ్ ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. పిన్ని హైదరాబాద్ వచ్చి కొట్లు తిరిగి వెళ్లిపోతే దాని చదువుకే అవమానమట. ఎంజీబీఎస్‌లో మెట్రో దిగి, "నడిచిపోదాం పిన్నీ, దగ్గరే" అంది. మే నెల ఎండలో, మూసీ వాసన పీల్చుకుంటూ నయాపూల్ మీద నడిచేవాళ్లకి ఏదీ దగ్గర కాదు. ఆటో అడిగితే ఆ కాస్త దూరానికి వంద అన్నాడు. ఆ డబ్బుతో మా రాజమండ్రిలో షేర్ ఆటో ఎక్కి ధవళేశ్వరం వెళ్లి రావచ్చు.

సాలార్జంగ్ మ్యూజియంలో గడియారమూ దంతపు సామానూ చూశాం, వాటి సంగతి అందరికీ తెలిసిందే. నేను కదలకుండా నిలబడిపోయింది ముసుగు రెబెక్కా అనే పాలరాతి బొమ్మ దగ్గర. మొహమూ రాయే, మేలిముసుగూ రాయే. మరి రాతి వెనకనుంచి ముక్కూ పెదాలూ ఎలా కనబడతాయి? చంకలో పిల్లాడితో ఒకావిడ నా పక్కకొచ్చి, "ఇది ఒరిజినలేనా అండీ?" అంది.

"ఒరిజినలే. 1876లో మొదటి సాలార్జంగ్ రోమ్‌లో కొన్నాడు" అన్నాను, నాకు తెలిసిన ఆ ఒక్క ముక్కా గొప్పగా.

మా పిల్ల ఊరుకోదు కదా. "దీన్ని చేసిన శిల్పి బెంజోనీ ఇదే బొమ్మ ఇంకొన్ని చేశాడండీ. అమెరికాలో అట్లాంటాలో ఒకటుంది."

ఆవిడ మొహం చిన్నబోయింది. "అంటే ఇది డూప్లికేటా?"

కాదు, అన్నీ ఒరిజినల్సే అని ఇది మొదలుపెట్టింది. ఆ కాలంలో శిల్పి మట్టితో నమూనా చేసేవాడు, పాలరాయి మీద పని చాలావరకు వర్క్‌షాపులో వాళ్లు చేసేవాళ్లు, గిరాకీ ఉంటే మళ్లీ చెక్కించేవాడు అని వివరించింది. ఆవిడ సగంలోనే పిల్లాడికి నీళ్లు పట్టించాలంటూ వెళ్లిపోయింది. చక్కగా చూస్తున్న మనిషిని చెడగొట్టావే అని కసిరాను.

మదీనా దాటి పత్థర్‌గట్టీ కమానుల కింద నడుస్తున్నంతసేపూ అదే గోల. మైకేల్ క్రెయిగ్-మార్టిన్ అనే ఆర్టిస్టు 1973లో అద్దపు అర మీద గ్లాసుడు నీళ్లు పెట్టి, ఇది ఓక్ చెట్టు అన్నాడట. ఆకారం మార్చకుండానే చెట్టుగా మార్చేశానని పక్కన రాసి పెట్టాడట. దాన్ని ఆస్ట్రేలియాకి తీసుకెళ్తుంటే, చెట్లూ మొక్కలూ రానివ్వం అని కస్టమ్స్ వాళ్లు ఆపేశారు. అప్పుడు ఆ మహానుభావుడే, బాబూ అది ఉత్త గ్లాసుడు నీళ్లే అని ఒప్పుకోవలసి వచ్చింది. ఇది మాత్రం నాకు నచ్చింది. అరటిపండు కథే మింగుడుపడలేదు. కాటెలాన్ అనే ఇంకో ఆర్టిస్టు 2019లో మయామీలో గోడకి టేపుతో పండు అంటించాడు. 2024లో న్యూయార్క్ వేలంలో అది 62 లక్షల డాలర్లకి పోయింది, మన లెక్కలో 50 కోట్ల పైనే. కొన్నవాడు దాన్ని తినేశాడు కూడా.

"తినేస్తే ఇంకేం మిగిలిందే?"

"సర్టిఫికెట్ పిన్నీ. పండు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎలా అంటించాలో రాసిన కాగితం ఉంటే చాలు."

చార్మినార్‌కి కాస్త ఇవతల ఒక కొట్లోకి ఎక్కాం. పెద్దాయన దండలు పరిచి, నేను అడక్కముందే ఒక ముత్యం తీశాడు. బ్లేడుతో గీకితే తెల్లటి పొడి రాలింది. లైటరు వెలిగించి మంటలో పట్టుకున్నాడు, మసిని వేలితో తుడిచాడు, మెరుపు అలాగే ఉంది. "జర పండ్లకు రుద్ది చూడుండ్రి అమ్మా" అన్నాడు. రుద్దాను, గరుగ్గా తగిలింది. ఆ చేతుల్లో ఎంత నిదానమో! దంతాల మధ్య ముత్యంతో నోరు తెరుచుకుని నేను, దుకాణం బల్ల మీద మోచేతులు ఆన్చి మా పిల్ల, ఇద్దరం ఆయన్నే చూస్తూ ఉండిపోయాం.

"ఎక్కడివి?" అంటే చైనావి అని దాచకుండా చెప్పాడు. నిజాముల కాలంలో బస్రా నుంచి వచ్చేవి, ఇప్పుడు ఎక్కువగా చైనాలో మంచినీటి చెరువుల్లో పెంచినవే. ఆల్చిప్పలోకి ఇంకో ఆల్చిప్ప కండ ముక్క మనిషే దూరుస్తాడు, దాని చుట్టూ పొర పేర్చేది ఆల్చిప్ప. "అయితే చేసిందెవరు?" అని మా పిల్ల అడిగితే, "అల్లాకెరుక, బిల్లు మాత్రం నాది" అన్నాడు.

ఆరు వేలన్న దండ బేరమాడి నాలుగున్నరకి తెగ్గొట్టాను. గ్యారంటీ కాగితం మీద ముద్ర కొట్టి మడిచిచ్చాడు. లేవబోతుంటే మా పిల్ల ఆ కాల్చిన ముత్యాన్ని చూపించి, అది అమ్ముతారా అంది. ఆయన నవ్వి, గుట్టలోంచి ఇంకోటి తీసి ఊరికే ఇవ్వబోయాడు. మా పిల్ల వద్దంది. కాల్చిందే కావాలంది. రెండొందలిస్తానంది, ఐదొందలంది.

"అది అమ్మేది కాదు బిడ్డా, రేపు మళ్లీ కాల్చాలె" అని దాన్ని వెల్వెట్ డబ్బాలో పెట్టి మూత వేశాడు.

నాంపల్లి దాకా వచ్చినా దాని అలక తీరలేదు. ఆ ముత్యం మీద కాగితం రాసిస్తానన్నా ఇవ్వలేదు చూశావా పిన్నీ అంటుంది. నేను మాత్రం, ఇంకాస్త గట్టిగా నిలబడితే నాలుగుకి దిగేవాడే అనుకుంటూ కూర్చున్నాను.