కుడిచెవి వెనక ఒక చిక్కు

పదకొండున్నర దాటింది. సబ్బుతో రెండుసార్లు కడిగినా వేళ్లకి కొబ్బరినూనె వాసన పోలేదు. టైపు చేస్తుంటే కుడి బొటనవేలి గోరు పక్కన చుర్రుమంటోంది. అయినా రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. అత్తయ్యగారి కుడిచెవి వెనక ఒక చిక్కు మిగిలిపోయింది. ఉసిరికాయంత ఉంటుంది. తలంతా వచ్చింది గానీ అదొక్కటీ రాలేదు.

అత్తయ్యగారికి న్యుమోనియా తగ్గి ఆస్పత్రి నుంచి వచ్చేశామని మొన్న రాశాను కదా. అప్పుడు దగ్గు గురించీ ఆక్సిజన్ గురించీ రాశాను, తల సంగతి రాయలేదు. అప్పటికి నేనూ సరిగ్గా చూడలేదు. పదకొండు రోజులు వెల్లకిలా పడుకునే ఉన్నారు. తల చుట్టూ మాస్కు ఎలాస్టిక్, జ్వరం చెమట, రెక్సిన్ దిండు. మూడోరోజున ఎవరో ఆయా జుట్టంతా పైకి లాగి రబ్బరుబ్యాండు బిగించి వెళ్లింది. దాని చుట్టూ మొత్తం అట్టకట్టేసింది. నిన్న విప్పబోతే అసలు బ్యాండెక్కడుందో తెలియలేదు. చేత్తో తడిమితే కొబ్బరిపీచు ఉండలా తగిలింది.

కత్తిరించెయ్యమని ఎంతమంది అన్నారో! డిశ్చార్జి రోజున ఆ ఆయానే అంది, "కత్తిరించేస్తే హాయమ్మా" అని. మావారు వచ్చిన దగ్గర్నుంచీ అదే మాట. వదిన వీడియోకాల్‌లో, అత్తయ్యగారు వింటూండగానే, "డెబ్బై నాలుగేళ్లొచ్చాయి, ఇంకా జడేమిటి? పొట్టిగా కోయించెయ్, నీకూ సుఖం" అంది. ఆ "ఇంకా" దగ్గర నాకు ఒళ్లు మండింది. కన్నకూతురు అనే మాటేనా? ఆవిడ ఏమీ అనలేదు, దుప్పటి అంచు సరిచేసుకున్నారు.

ఈ ఉదయం పార్లర్ నుంచి ఒకమ్మాయిని పిలిపించారు మావారు. మంచికే పిలిచారు, కాదనను. ఆ అమ్మాయి స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొట్టి, సన్నపళ్ల దువ్వెన తీసి, నడినెత్తి మీద పెట్టి కిందికి లాగింది. టప్ టప్‌మని వెంట్రుకలు తెగిన చప్పుడు గుమ్మం దగ్గరున్న నాకు వినిపించింది. అత్తయ్యగారి కళ్లలో నీళ్లు. నోరు తెరవలేదు. మళ్లీ పెట్టింది, మళ్లీ లాగింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. "ఇలా అయితే రాదాంటీ, షార్ట్ చేసేద్దాం" అంది. డబ్బులిచ్చి పంపేశాను. ఆ కోపం ఇంకా దిగలేదు.

జుట్టుపని చేసే మనిషికి ఇంతమాత్రం తెలియకపోతే ఎలా? తడిసిన వెంట్రుక నీళ్లు తాగి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, లాగితే సాగుతుంది, సాగి సాగి తెగుతుంది. పైనుంచి దువ్వితే దారిలో ఉన్న చిన్న చిక్కులన్నీ కిందికి జరిగి ఒక్కచోట పెద్ద ముడి అవుతాయి. మా ఊళ్లో పదేళ్ల పిల్లకి కూడా తెలుసు, చిక్కు ఎప్పుడూ కొసల నుంచి మొదలెట్టాలని.

భోజనాలయ్యాక నేనే కూర్చున్నాను. చిన్న స్టీలు గిన్నెలో నూనె గోరువెచ్చగా చేసి, ఉండలోకి కొంచెం కొంచెం ఇంకేలా వేళ్లతో అద్ది, అరగంట వదిలేశాను. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుందట. 2003లో మన దేశపు పరిశోధకులు దాన్నీ, పొద్దుతిరుగుడు నూనెనీ, మినరల్ ఆయిల్‌నీ పోల్చి చూస్తే, వెంట్రుకలో ప్రొటీన్ పోవడాన్ని బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటేనని మా అమ్మాయి చిన్ని ఫోన్లో చదివి వినిపించింది. అత్తయ్యగారు, "కోనసీమలో అది చెప్పడానికి 2003 దాకా ఆగక్కర్లేదు" అన్నారు. ఇంటికొచ్చాక ఆవిడ అన్న మొదటి పొడుగు మాట అదే. ఎంత సంతోషమేసిందో!

ముడికి పైన, కుదుళ్ల వైపు, ఎడమచేత్తో పాయని గట్టిగా పట్టుకోవాలి. అప్పుడు కింద ఎంత కదిపినా లాగుడు మాడుకి తగలదు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ముడి అంచున పెట్టి, నాలుగైదు వెంట్రుకలే పట్టుకుని, కిందికి కాదు, పక్కకి తియ్యాలి. ముడి నడిమధ్యలోంచి విడదు. అంచుల నుంచి పీచులా వదులవుతుంది. ఒక్కోసారి వేలి కింద ఒక వెంట్రుక బిర్రుగా తగులుతుంది, దాన్ని వదిలేసి పక్కదానికి వెళ్లాలి. పక్కది వదిలితే ఇదీ దానంతటదే జారుతుంది. దువ్వెనకి ఆ బిర్రు తెలియదు, వేలికి తెలుస్తుంది.

మంచం మీద గుప్పెడు గుప్పెడు వెంట్రుకలు పోగయ్యేసరికి చిన్ని భయపడింది. "అమ్మా, నాన్నమ్మకి బట్టతల వచ్చేస్తుందా?" అంది. దాని చేతికి ఒక వెంట్రుకిచ్చి కొస చూడమన్నాను. తెల్లగా చిన్న బుడిపె ఉంది. తెగింది కాదు, దానికదే రాలింది. రోజుకి యాభై నుంచి వంద దాకా అందరికీ రాలతాయి. పదకొండు రోజులు దువ్వెన పడకపోతే అవన్నీ లోపలే ఉండిపోతాయి. వెయ్యి దాకా ఉంటాయి మరి.

ఆ గిన్నె గురించి రాయాలి. చిన్ని పుట్టిన నాలుగో నెలలో నాకు జుట్టు చేతికొచ్చినట్టు ఊడింది. బాలింతలకి అది మామూలేనని ఎవరూ చెప్పలేదు, తల ముట్టుకోవాలంటేనే భయం. ఆరేడు రోజులు దువ్వకుండా ముడి వేసుకుని తిరిగాను. అప్పట్లో అత్తయ్యగారికీ నాకూ మాటల్లేవు. పాత పాఠకులకి ఆ గొడవ తెలుసు, మళ్లీ రాయను. ఒక మధ్యాహ్నం పాపని పడుకోబెట్టి వస్తే పెరట్లో పీట వేసి ఉంది. "కూర్చో అమ్మాయ్" అన్నారు. నా భుజాలకి ఇటూ అటూ ఆవిడ మోకాళ్లు. దువ్వెన తేలేదు. కొసల నుంచి మొదలెట్టి పొద్దుగూకే దాకా తీశారు. మధ్యలో పాప ఏడిస్తే, "లేవకు" అని ఆవిడే వెళ్లి ఎత్తుకొచ్చి నా ఒళ్లో పెట్టి మళ్లీ కూర్చున్నారు. గొడవ గురించి ఒక్కమాట లేదు. నాకు మెడ దాకా నిద్ర వచ్చేసింది. ఊడిందంతా వేలికి చుట్టి ఉండ చేసి గోడ సందులో దోపారు. అలా పోగైనవి సవరాలవాడు వస్తే ఇచ్చి, బదులు ఈ గిన్నె పుచ్చుకున్నారు. "నీ జుట్టుదే, నువ్వే వాడుకో" అని నా చేతికిచ్చారు. మాటలు మొదలైంది అక్కణ్ణుంచే. ఇప్పటికి పదహారేళ్లు. ఈ గిన్నెలో ఇంకేదీ వండనివ్వను.

ఇప్పుడు పైన రాసింది మళ్లీ చదువుకున్నాను. నా కోపం సబబే అనిపిస్తోంది గానీ ఒకటి గుచ్చుకుంటోంది. నాలుగున్నరకి ఆవిడ, "అమ్మాయ్, ఇంక కత్తెర తే" అన్నారు. "అయిపోవచ్చిందండీ" అని నేను ఆపలేదు. ఇంకో గంట తీశాను. న్యుమోనియా తగ్గి నాలుగు రోజులు కాని మనిషిని కూర్చోబెట్టి, పడుకోబెట్టి, మళ్లీ కూర్చోబెట్టి! ఆయాని అన్నాను, వదినని అన్నాను, ఆ అమ్మాయిని పంపేశాను. ఆవిడకేం కావాలో వాళ్లెవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ గంట ఆవిడ కోసం తీశానా, పెరట్లో పీట కోసం తీశానా?

రాత్రి గంజి పడుతూ అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల నాయనమ్మ సంగతి చెప్పారు. తాతగారు పోయాక మంగలిని పిలిపించి గుండు చేయించారట. చిన్నప్పుడు ఆవిడ ఒళ్లో పడుకుని పైకి చూస్తే, తెల్లచీర ముసుగు లోపల ఆ తల గరుగ్గా కనిపించేదట. "అప్పట్నుంచీ నాకు కత్తెర చప్పుడంటే పడదు. కానీ నువ్వు కొయ్యడం వేరు. నీ వేళ్లు చూడు ఎలా అయిపోయాయో. కొసలు కావాలంటే కోసెయ్. కుదుళ్ల దగ్గర మాత్రం వద్దు."

కొసలు కొయ్యడం తేలికే. చిట్లిపోయి కూడా ఉన్నాయి, కోస్తే కొత్త చిక్కులు పడవు. సరే రేపు కోసేద్దాం అనుకుని, చీరల డ్రాయర్లోంచి కత్తెర తీసి పెట్టాను. అక్కడ ఆగాల్సింది, ఆగలేదు. లెక్కేశాను. జుట్టు నెలకి అరంగుళం చొప్పున పెరుగుతుంది. ఆవిడది రెండున్నర అడుగులుంది. అంటే కొస ఐదేళ్ల నాటిది. మావయ్యగారు పోయి నాలుగేళ్లు. చివరి ఆరంగుళాలూ ఆయన ఉండగా వచ్చిన జుట్టు. ఈ సంగతి ఆవిడకి చెప్పాలా, చెప్పకుండా కోసెయ్యాలా? చెబితే కొయ్యొద్దంటారేమో. చెప్పకపోతే తర్వాత నాకు ఎలా ఉంటుందో.

ఆ ఉసిరికాయంత చిక్కు మాత్రం కొసన లేదు. కుదుళ్లకి రెండు అంగుళాల దూరంలో ఉంది. దానికి మళ్లీ నూనె పట్టించి, పాత పట్టు జాకెట్టు గుడ్డ దిండు మీద పరిచాను, రాపిడి లేకుండా. వదులుగా జడ అల్లి ముందుకి వేశాను. వెల్లకిలా కాకుండా ఎడమవైపు తిరిగి పడుకున్నారు.

ఇందాక ఆ గదిలో లైటు వెలిగింది. వెళ్లి చూస్తే చెవి వెనక చెయ్యి పెట్టుకుని, రెండు వేళ్లతో ఆవిడే మెల్లగా తీసుకుంటున్నారు.