యెజ్డీకి కొత్త సెకండ్ గేరు

ఈరోజు పాలకొల్లు నుంచి భీమవరం వెళ్ళాను. సంచిలో పాత గేర్లు, అవి కూర్చునే ఇంజను పెట్టె, అదే క్రాంక్‌కేసు. నాన్న యెజ్డీ బైకుకి సెకండ్ గేరు నిలవడం లేదు. పడుతుంది, కాస్త ఎక్సలేటర్ ఇవ్వగానే జారిపోతుంది. మైసూరులో ఈ బండ్ల తయారీ 1996లోనే ఆగిపోయింది. పాత సామాన్ల షాపుల్లో దొరికేవి మనదానికంటే ఎక్కువ అరిగినవి. అందుకే చేయిద్దామనుకున్నాను.

లేతు షాపులో ఎక్కడ చూసినా రొయ్యల చెరువుల ఏరియేటర్ల గేర్‌బాక్సులే. వాటి మధ్యే మేస్త్రి గారు నా గేరుని కిరోసిన్‌లో కడిగి వెలుతురుకి పట్టారు. పళ్ళ మీద సన్నటి గుంటలున్నాయి. అసలు నష్టం పక్కనున్న డాగ్‌లకి, అంటే పక్క గేరుని పట్టుకునే బొడిపెలకి. పదునుగా ఉండాల్సిన మూలలు చప్పరించిన బెల్లం ముక్కలా గుండ్రంగా అయిపోయాయి. "గేరు జారేది ఇక్కడండి" అని నా వేలు పట్టి తడిమించారు.

పళ్ళ సంఖ్యకి రెండు కలిపి, ఆ మొత్తంతో గేరు బయటి వ్యాసాన్ని భాగిస్తే మాడ్యూల్, అంటే పన్ను సైజు చెప్పే కొలత, వస్తుంది. ఆయన ఆ లెక్కతో ఊరుకోలేదు. బైకు గేర్లలో పళ్ళని కావాలనే కాస్త జరిపి కోస్తారట, అందుకని కేసులో రెండు షాఫ్టుల మధ్య దూరం కూడా కొలిచారు. ఆ ఓపిక చూశాకే నాకు ధైర్యం వచ్చింది. కొత్త గేరుని అరిగిన జోడీతో కలిపితే కూత పెడుతుంది కాబట్టి రెండూ చేస్తానన్నారు. సరేనన్నాను.

పళ్ళు కోయడం సగం పనే. మామూలు ఇనుముతో చేస్తే త్వరగా అరుగుతుంది. లోపలి దాకా గట్టిపరిస్తే పన్ను విరుగుతుంది. అందుకే తక్కువ కార్బన్ ఉన్న అల్లాయ్ స్టీలుతో చేసి, 900 డిగ్రీలు దాటిన వేడిలో పైపొరకి కార్బన్ ఎక్కించి, నూనెలో ముంచుతారు. పైన గట్టిగా, లోపల సాగే గుణంతో ఉంటుంది. ఆ పనికి విజయవాడ ఆటోనగర్ పంపుతారట. ఖర్చు పెరుగుతుంది, కానీ దీన్ని వదిలేస్తే గేరు చేయించడమే దండగ.

ఆ వేడికి గేరు కాస్త వంకర పోతుంది, తిరిగొచ్చాక బోరు, అంటే షాఫ్టు దూరే మధ్య రంధ్రం, గ్రైండింగ్ చేయాలి. అది దగ్గరుండి చూస్తానన్నాను.

"ఆయ్, పెందలాడే వచ్చేయండి. మైక్రోమీటరు మీ చేతికే ఇస్తాను" అన్నారు.